ముందు సీటు దీపం

మా అమ్మమ్మ దగ్గర దీపం ఆరిపోయింది అనకూడదు. అంటే నోటి మీద ఒకటి పడేది. కొండెక్కింది అనాలి. ఆరిపోవడం మనుషుల విషయంలో వాడే మాట, అది ఇంట్లో వినపడకూడదు అనేది. అంతటి మనిషికి మనవరాలినై పుట్టి, ముప్పై ఏళ్ళుగా దీపాలు ఆర్పుకుంటూ బతుకుతున్నాను.

నేనంటున్నది కారులో స్టీరింగ్ వెనక వెలిగే దీపాల సంగతి. మా తమ్ముడికీ నాకూ కలిపి ఒక షెడ్డు ఉంది. వాడు ఇంజన్లు చూస్తాడు, నేను వైర్లు చూస్తాను. నన్ను ఊళ్ళోవాళ్ళంతా వైరింగక్క అంటారు, మా నాన్న వయసువాళ్ళతో సహా. బండి తెచ్చిన ప్రతి ఒక్కరూ మొదట అనే మాట ఒకటే, ఆ దీపం కాస్త ఆర్పెయ్యి అని. అది ఎందుకు వెలిగిందో ఎవరికీ అక్కర్లేదు. ఒళ్ళు కాలిపోతుంటే థర్మామీటర్ని విరగ్గొట్టమనే రకం. నాకు నోటి దురుసు అని పేరుంది. పుట్టుకతో వచ్చిందేమీ కాదు, ఈ జనంతో వచ్చింది.

టైలర్ మాస్టారు మొదటిసారి వచ్చింది చలి తగ్గుతున్న రోజుల్లో. మా వెనక వీధిలోనే ఆయన షాపు. కోట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాడు. చిన్న నీలం కారు, పాతదే, కానీ లోపల నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. మెడలో కొలతల టేపు ఇంట్లో కూడా తియ్యడేమో అనిపిస్తుంది. దిగీ దిగగానే నన్ను చెల్లెమ్మా అన్నాడు. అలా పిలిచినవాణ్ణి కసురుకోవడం కష్టం, కాబట్టి అన్నయ్యా అనక తప్పలేదు.

ఆయన ఫిర్యాదు వింతగా ఉంది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ పనిచెయ్యడం లేదని చెప్పే దీపం ఒకటి ఉంటుంది కదా, కూర్చున్న మనిషి బొమ్మా, దాని మీద అడ్డగీతా. అది వెలుగుతోంది. ఎప్పుడూ కాదు. తను పక్కన కూర్చుంటే వెలగదు, షాపులో పనిచేసే ఆయన కూర్చుంటే వెలగదు, తన భార్య కూర్చుంటేనే వెలుగుతుంది. అదీ రోజూ కాదు. ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు ఊరుకుంటుంది. ఆ సీటుకి మా ఆవిడంటే పడట్లేదేమో అని నవ్వాడు.

బట్టలో దారప్పోగు వేలాడితే నిద్రపట్టని మనిషి. పక్కన అలా దీపం వెలుగుతుంటే ఆయనకు బండి నడపడం చేతకావడం లేదు. అడిగింది మాత్రం అందరూ అడిగేదే. ఆ దీపం ఆర్పెయ్యి చెల్లెమ్మా అన్నాడు.

ముందు వినండి అని స్టూలు చూపించాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేను ఈ పాఠం చెబుతాను, మా తమ్ముడికి విని విని నోటికి వచ్చేసింది. గేరు కర్ర కింద, నేలకు బిగించి, అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి ఉంటుంది. ఎయిర్‌బ్యాగులన్నింటికీ అదే పెద్ద. బండి ముక్కు దగ్గర, తలుపుల దగ్గర దాని మనుషులు ఉంటారు, దెబ్బ తగిలితే కబురు పంపే సెన్సర్లు. ఆ కబురు నిజమో కాదో, గుంతలో పడిన కుదుపో గోడను గుద్దిన దెబ్బో, పెట్టె తనలో ఉన్న సెన్సర్‌తో సరిచూసుకుంటుంది. నిజమే అని తేలితే బెల్టు బిగించి, గాలి సంచి విప్పుతుంది. ఇదంతా మనం రెప్ప వేసే లోపు అయిపోతుంది. ఇంకా ఆలస్యమైతే మనిషి తల వెళ్ళి తగిలాక సంచి తెరుచుకుంటుంది, దానివల్ల ఉపయోగం లేదు.

ఆ పెట్టె ఇంకో పని చేస్తుంది. తాళం తిప్పిన ప్రతిసారీ బడిపంతులు హాజరు పిలిచినట్టు తన కింద ఉన్న ఒక్కొక్క వైరునీ పిలుస్తుంది. అందరూ పలికితే ఎర్ర దీపం నాలుగైదు సెకన్లు వెలిగి ఊరుకుంటుంది. ఒక్కడు పలకకపోయినా వెలుగుతూనే ఉంటుంది. మాస్టారి బండిలో ఆ ఎర్ర దీపం వెలగడం లేదు, అంటే అందరూ హాజరే. వెలుగుతున్నది వేరే దీపం. అది ముందు సీటు తూకానికి సంబంధించింది.

సీటు కింద నాలుగు మూలలా తూకం చూసే సెన్సర్లు ఉంటాయి. కూర్చున్నది ఎవరో పెట్టెకు చెప్పడం వాటి పని. ఎవరూ లేరు, చిన్నపిల్ల, పెద్ద మనిషి, ఈ మూడు మాటలే వాటికి వచ్చు. చిన్నపిల్ల అని చెబితే పెట్టె ఆ సంచిని కట్టేస్తుంది. ఎందుకంటే అది విచ్చుకునే జోరు పెద్దవాళ్ళను కాపాడుతుంది గానీ పిల్లల్ని చంపెయ్యగలదు. కట్టేశానని మనకు తెలియడానికే ఆ దీపం. అంటే అది చెడిపోయిందని కాదు, దయ చూపిస్తోందని.

మాస్టారు శ్రద్ధగా విన్నాడు. మా ఆవిడ చిన్నపిల్లేం కాదే అన్నాడు.

సీటు ఖాళీ చేసి, స్కానర్ పెట్టి, తూకాన్ని సున్నాకు తెచ్చాను. తర్వాత నేనే ఎక్కి కూర్చున్నాను. స్కానర్ తెర మీద అంకె చూసి మా తమ్ముడు ఈల వేశాడు. వాడి సంగతి తర్వాత చూసుకున్నాను. పాత బ్యాటరీలు రెండు పెట్టి చూశాను, వాటి బరువెంతో అంతే చూపించింది. సీటు బంగారంలా ఉంది. ఏదో దుమ్ము అడ్డం పడి ఉంటుంది, ఇప్పుడు సర్దుకుంది అని చెప్పి పంపించాను. కారణం తెలియనప్పుడు మా వృత్తిలో దుమ్ము మీద వెయ్యడం మామూలే.

రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. ఎండలు మొదలయ్యాయి, దీపం వెలగని రోజే లేదు. సీటు మొత్తం మార్చెయ్యమన్నాడు. లేదంటే ఎవరో చెప్పారట, చిన్న రెసిస్టర్ ముక్క ఒకటి వైరులో పెడితే పెట్టె నోరు మూసుకుంటుందని, అది పెట్టమన్నాడు.

అప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆ గింజంత ముక్క సంగతి నాకు తెలియక కాదు. బడికి రాని వాడి బదులు పక్కవాడు హాజరు పలకడం లాంటిది అది. పెట్టె పిలుస్తుంది, ముక్క పలుకుతుంది, దీపం పోతుంది, అక్కడ సంచి ఉండదు. ఒకసారి ఒక బండి స్టీరింగ్ విప్పితే సంచి ఉండాల్సిన చోట పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఆ బండిలో రోజూ ఇద్దరు పిల్లలతో తిరిగే మనిషికి ఆ సంగతి తెలియదు. ఇదంతా నేను కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను, అవతల మా తమ్ముడు పని ఆపి చూశాడు. మాస్టారు మాత్రం ఏమీ అనుకోలేదు. సరే చెల్లెమ్మా, నీకు తోచినట్టే చెయ్యి అన్నాడు.

సీటు కింద పసుపు రంగు ప్లగ్గులు విప్పి చూద్దామనుకున్నాను. ఆ రంగు వైర్లను ముట్టుకోవాలంటే ముందు బ్యాటరీ తీగ పీకి కాసేపు ఆగాలి. పెట్టె తన కడుపులో కొంత కరెంటు దాచుకుంటుంది, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా సంచి విప్పడానికి. అది ఇంకిపోయేదాకా ముట్టుకోకూడదు. నాకు ఆ ఖాళీ సమయం ఇష్టం. బండివాళ్ళు పని లేక నిజాలు మాట్లాడేది అప్పుడే.

మీ ఆవిడ బరువెంత అని అడిగాను. యాభై ఎనిమిది అని ఠక్కున చెప్పాడు. ఎప్పుడు చూశారంటే, చూడటమెందుకు అన్నాడు. ఆ తర్వాత కాస్త గర్వంగా అన్న మాట నాకింకా గుర్తుంది.

"పెళ్ళైన కొత్తలో ఒక్కసారి టేపు పెట్టానమ్మా. ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పధ్నాలుగున్నర. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళుగా ఆవిడ బట్టలన్నీ నోటి లెక్కే. ఒక్కటి బిగుతని గానీ వదులని గానీ అన్నది లేదు."

ఊళ్ళో అందరి కొలతలూ పుస్తకంలో ఉన్నాయట. ఆవిడకు పుస్తకం అక్కర్లేదట. భార్య గురించి అంత ముద్దుగా మాట్లాడే మొగుణ్ణి చూసి చాలా రోజులైంది నాకు. ప్లగ్గులు విప్పి, తుడిచి, బిగించాను. వాటిలో లోపమేమీ లేదు. చివరికి ఒక్కటే దారి కనిపించింది. మూడోసారి వచ్చేటప్పుడు ఆవిణ్ణే తీసుకురమ్మన్నాను.

తీసుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం, షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చే ముదురు ఎరుపు చలికోటు తొడుక్కుని ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ ముక్కలతో నిండిన పెద్ద సంచి. మంచి మొహం. పలకరించగానే, మీ గురించి ఈయన రోజూ చెబుతారు వదినా, మీరు తిడతారట కదా అంది. నాకు ఆవిడ వెంటనే నచ్చింది.

దీపం చూశాను. వెలగడం లేదు. మాస్టారు తల పట్టుకున్నాడు. మూడుసార్లు వచ్చాను, చూపిద్దామంటే వెలగదు అని విసుక్కుంటుంటే, వెళ్ళి వీధి చివర టీ తాగి రండి, మీరుంటే సీటు సిగ్గుపడుతోంది అని పంపించేశాను.

స్కానర్ పెట్టాను. ముప్పై ఏడు కిలోలు. ఈ బండిలో సీటు మీద ముప్పై అయిదు పడితే పెద్ద మనిషి కింద లెక్క. కాళ్ళు నేల మీద ఆనుతాయి కాబట్టి ఒంటి బరువంతా సీటు మీద పడదు, అది నిజమే. అయినా యాభై ఎనిమిది కిలోల మనిషి కూర్చుంటే నలభై అయిదైనా చూపించాలి. నేను ఇంకా సీటునే అనుమానిస్తున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు అది, తప్పు ఎప్పుడూ వైర్లోనే ఉంటుందనుకోవడం. ఆ సంచి కాస్త కింద పెట్టండి వదినా అన్నాను.

ఆవిడ సంచిని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

నేను చెయ్యి చాచాను. ఇవ్వక తప్పలేదు. అంకె దిగింది. ముప్పై మూడు. దీపం వెలిగింది. చెమటలు పోస్తున్నాయి, ఆ కోటు కూడా తియ్యకూడదా అన్నాను. ఆవిడ తియ్యలేదు, కానీ కోటు చేతి చివర ఎముక తేలిన ఆవిడ మణికట్టు కనిపించింది. అప్పుడు నాకు చలి రోజుల్లో దీపం ఎందుకు ఊరుకుందో, ఎండలు రాగానే ఎందుకు పట్టుకుందో తెలిసింది. వెలగని రోజులన్నీ ఈ కోటూ, ఈ సంచీ ఉన్న రోజులు. పక్కవాడు హాజరు పలికాడు, అంతే.

సీటుని మూడుసార్లు పరీక్షించాను. అది మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది.

స్కానర్ పక్కన పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేశాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఆవిడ మొదట నవ్వి తప్పించుకోవాలని చూసింది. తర్వాత చెప్పింది. వానలు వెళ్ళిన దగ్గర్నుంచి. తిన్నది గొంతు కింద ఎక్కడో అడ్డం పడుతోంది. మొదట్లో గట్టివి దిగేవి కాదు, ఇప్పుడు మెత్తనివీ దిగడం లేదు. పాలు, పండ్లరసం తాగి గడుపుతోంది. ఆయన షాపులో భోజనం చేస్తాడు, రాత్రి నేను ముందే తినేశానంటుంది. బట్టలు వదులైనప్పుడల్లా ఆయన లేని సమయం చూసి ఆయన మిషను మీదే కుట్లు లోపలికి వేసుకుంటోంది. టైలర్ భార్యకు ఆ మాత్రం చేతకాదా.

వాళ్ళమ్మకు కూడా ఇలాగే మొదలైందట. ఆసుపత్రికి తీసుకెళితే పదిహేను రోజుల్లో పోయింది.

"యూనిఫారాలు మూడు వారాల్లో అయిపోతాయి వదినా. నాలుగొందల జతలు. అవి అయ్యాక చెబుతాను. అందాకా నువ్వే ఈ దీపం ఆర్పేస్తే ఆయన ఇంక ఈ ఊసెత్తరు."

ఒకే ఇంట్లోవాళ్ళు ఇద్దరూ విడివిడిగా వచ్చి ఒకే దీపం ఆర్పమన్నారు. నాకు నవ్వు రాలేదు. మూడు వారాలు అయ్యాక ఇంకేదో వస్తుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇది నా ఇంటి సంగతి కాదు. ఆవిడ ఒళ్ళు, ఆవిడ భయం, ఆవిడ మొగుడు. మధ్యలో నేనెవర్ని, వైర్లు చూసే దాన్ని. ఇలా అనుకుంటూ ఆ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి, మీ అమ్మ ఎప్పుడు వెళ్ళింది ఆసుపత్రికి అని అడిగాను. మంచినీళ్ళు కూడా దిగనప్పుడు అంది. మీకు ఇంకా దిగుతున్నాయి కదా అన్నాను. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

ఇంకొక్క మాట చెప్పాను.

"మీ సంగతి నేను చెప్పను వదినా. కానీ సీటు పాడైందని మాత్రం నా నోటితో అనలేను."

మాస్టారు టీ తాగి వచ్చాడు. నా కోసం కూడా ఒక గ్లాసు పట్టుకొచ్చాడు, పైన కాగితం కప్పి. దీపం వెలుగుతుండటం చూసి సంబరపడ్డాడు పాపం, చివరికి దొంగ దొరికాడని. తప్పు ఎక్కడుంది చెల్లెమ్మా అని అడిగాడు.

"సీటుది తప్పు లేదన్నయ్యా. అది చూపించే కొలత సరైందే. నమ్మకం లేకపోతే మీ టేపు పెట్టి చూడండి."

ఆయనకు అర్థం కాలేదు. ఈవిడకు టేపెందుకు అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో నా మీద కోపం ఉందేమో అని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత బండి దిగి, ఆవిడే కోటు గుండీలు ఒక్కొక్కటి విప్పి, తీసి నా బల్ల మీద పెట్టింది. చేతులు కాస్త ఎడంగా పెట్టి నిలబడింది, కొలతలకు వచ్చినవాళ్ళు నిలబడినట్టు.

మాస్టారు నవ్వుతూనే మెడలోంచి టేపు తీశాడు. ఛాతీ చుట్టూ తిప్పాడు. టేపు ఆయన అనుకున్న చోట ఆగలేదు, జారుతూ వెళ్ళింది. రెండు కొసలూ కలిసిన చోట వేలు పెట్టి చదివాడు. విప్పేసి మళ్ళీ పెట్టాడు. టేపు సాగిందేమోనని నా బల్ల మీద ఉక్కు స్కేలుకు ఆనించి చూసుకున్నాడు. నేను పాత బ్యాటరీలు పెట్టి చూసుకున్నట్టే. మూడోసారి పెట్టాడు. ముప్పై రెండున్నర అని పైకి చదివాడు, రాసుకోవడానికి పక్కన ఎవరో ఉన్నట్టు.

ఆ తర్వాత కోటు అందుకుని లోపలి వైపు తిరగేశాడు. పోయిన ఏడు ఆయనే కుట్టిన కోటది. పక్క కుట్టు దగ్గర వేళ్ళతో తడుముతూ వెళ్ళాడు. నేనూ వంగి చూశాను. ఆయన వేసిన కుట్టు సన్నగా గీత గీసినట్టు ఉంది. దానికి అర అంగుళం లోపల ఇంకో వరస. దాని లోపల ఇంకొకటి. దాని లోపల మూడోది. అవి కూడా బాగానే ఉన్నాయి, కానీ దారం మలుపు దగ్గర చెయ్యి వేరు.

"ఇది నా కుట్టు కాదు" అన్నాడు.

"నాదేనండి" అంది ఆవిడ.

ఆయన ఆ కోటు పట్టుకుని మా షెడ్డులో ఆ ఆయిల్ మరకల నేల మీద అలాగే కూలబడ్డాడు. నూలు పోగంత మరక పడితే ఓర్వలేని మనిషి. ఇరవై రెండేళ్ళు నోటి లెక్క అన్నాను, నోటి లెక్క అన్నాను అని అదే మాట అంటూ ఉన్నాడు. ఆవిడే పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఎవరికి జబ్బో చూసేవాళ్ళకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి బయల్దేరారు. ఆ దీపం వెలుగుతున్నన్నాళ్ళూ ఆవిణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టమని చెప్పాను. గాలి సంచి విచ్చుకోని చోట మనిషిని ఉంచడం కంటే అదే మేలు. ఆవిడ వెనక్కి మారింది. ముందు సీట్లో మాస్టారు ఆ కోటును మడిచి పెట్టి బెల్టు కూడా పెట్టాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. ఆయన నా కోసం తెచ్చిన టీ చల్లారిపోయింది.

అన్నవాహికలో గడ్డ అన్నారు. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదని కూడా అన్నారట. ఆపరేషనుకు ముందు మందులు, తర్వాత మందులు, మధ్యలో గొట్టంతో పాలు. నాలుగొందల జతల యూనిఫారాలనూ మాస్టారు తీసుకెళ్ళి ఎదురు షాపు టైలర్‌కి ఇచ్చేశాడు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు, బోర్డు అడ్డమొచ్చిందనో ఏదో తగువు. ఆయన మారుమాట లేకుండా తీసుకుని, పైన మాస్టారి షాపు లేబులే వేసి కుట్టిచ్చాడట. మనుషుల మీద నాకున్న చెడ్డ అభిప్రాయం అప్పుడప్పుడు ఇలా దెబ్బతింటూ ఉంటుంది.

నేను ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆవిడ నాతో మాట్లాడలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. చేసింది తప్పేమోనని ఆ వారమంతా మా తమ్ముడి మీద అరిచాను. రెండోసారి వెళ్ళినప్పుడు, నా మంచం కింద కూడా తూకం పెట్టావా వదినా అని అడిగింది. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది.

మళ్ళీ చలి మొదలయ్యాక ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. బండికి ఏమీ కాలేదు, ఊరికే చూడమన్నారు. ఆవిడ వెనక సీట్లోంచి దిగి ముందు సీట్లో కూర్చుంది, చేతిలో సంచి లేకుండా. అదే ఎరుపు కోటు. మూడు లోపలి కుట్లలో ఒకటి విప్పేశాడట మాస్టారు. ఒక్కొక్కటే విప్పుతాను, తొందరేముంది అన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆవిడకు టేపు పెడుతున్నాడు. జేబులోంచి కొలతల పుస్తకం తీసి చూపించాడు. ఆవిడకంటూ ఒక పేజీ, దాని నిండా తేదీలు, ముప్పై ఒకటి, ముప్పై ఒకటిన్నర, ముప్పై రెండు.

కోటు తీయించి స్కానర్ పెట్టాను. ముప్పై మూడు. దీపం వెలుగుతూనే ఉంది. పాపం రెండే కిలోల తేడా. వాళ్ళ మొహాలు చూసి నాకే మనసొప్పలేదు. జీవితంలో మొదటిసారి నేనే అన్నాను, కావాలంటే సీటు హద్దు కొంచెం అటూ ఇటూ చెయ్యగలనేమో చూస్తాను అని. చెయ్యలేను, చెయ్యకూడదు, అయినా నోట్లోంచి వచ్చేసింది.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాని జోలికి వెళ్ళకు చెల్లెమ్మా. ఇంట్లో నిజం చెప్పింది అదొక్కటే. దాన్నే చెప్పనీ."

ఆవిడ దిగి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

ఆ తర్వాత చాన్నాళ్ళు కబురు లేదు. మధ్యలో ఒకసారి ఆవిడకు జ్వరం వచ్చి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారని ఎదురు షాపు టైలర్ చెప్పాడు. ఫోన్ చేద్దామనుకుంటూ వాయిదా వేశాను. ఏం వినాల్సి వస్తుందో అని భయం. ఊరందరినీ నిజం వినమని తిట్టే దాన్ని, నా వంతు వచ్చేసరికి నాకూ దీపం కనపడకపోతేనే బాగుండు అనిపించింది.

ఒకరోజు పొద్దున్న ఎవరిదో వ్యాను కింద దూరి ఉన్నాను. ఫోన్ మోగింది. మాస్టారు. ఎత్తాను. ఏమైందన్నయ్యా అన్నాను. ఒక్కో మాటే వదిలాడు.

"చెల్లెమ్మా. దీపం ఆరిపోయింది."

అమ్మమ్మ అనకూడదన్న మాట, అదే మాట, అచ్చం అలాగే నా చెవిలో పడింది. వ్యాను కింద, ఆ చీకట్లో, నట్లూ వైర్లూ చూస్తూ పడుకుని ఉండిపోయాను. ఆవిడ నన్ను పిలిచే వదినా అన్న పిలుపే వినిపిస్తున్నట్టుంది.

నిజంగానే వినిపిస్తోంది. ఫోన్లోంచే.

"వదినా, ఈయనకి మాట్లాడటం రాదు. కొండెక్కింది అనాలని తెలియదూ? నేను ముందు సీట్లోనే ఉన్నాను. ఇంటి ముందే ఆగి ఉన్నాం. ఒంటి మీద కోటు లేదు, ఒళ్ళో సంచీ లేదు. నువ్వే వచ్చి చూసుకో."

ఫోన్ మళ్ళీ మాస్టారికి ఇమ్మన్నాను. ఆ మనిషిని నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. రానివి కూడా కొన్ని తిట్టాను. మా తమ్ముడు పరిగెత్తుకొచ్చి వ్యాను కిందకి వంగి చూశాడు. మాస్టారు అన్నీ ఓపిగ్గా విన్నాడు. అయిపోయాక, ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో గానీ, మళ్ళీ అదే మాట అన్నాడు, ఆరిపోయింది చెల్లెమ్మా అని.

ఆరిపోయిందన్నయ్యా, ఆరిపోయింది అన్నాను నేను కూడా. అమ్మమ్మ ఉంటే నోటి మీద ఒకటి పడేది.